ఒక్క గాజుతొట్టిలో రెండు ఖండములు

రంగుచేపలను గాజుతొట్టిలో పెంచు వేడుక మా తణుకులోను పెక్కిండ్లకు వచ్చినది. పిల్లల కోరికపై మేమును నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతుగల తొట్టి నొకదానిని చావడిలో నమర్చుకొంటిమి. రమారమి 250 లీటర్ల నీరు పట్టును. తెరచాపలవంటి రెక్కలతో మెల్లగా దేలియాడు ఏంజెల్ చేపలను మూడింటిని, పసుపుమేనిపై నల్లచారలుగల ఆఫ్రికా చేపలను నాలుగింటిని అందు విడిచితిమి. రెండును సిక్లిడ్ కుటుంబమువే గనుక కలిసియుండునని అమ్మినవాడు చెప్పెను. పదిదినములకే ఏంజెల్ చేపల రెక్కలు పేలికలైనవి. మరి నాలుగు దినములకు రెండు చచ్చి తేలెను. చిన్నపిల్ల ఆ పూట అన్నము ముట్టలేదు. "ఒక్క వంశమువే కదమ్మా, ఏల కొట్టుకొన్నవి?" అని పెద్దవాడడిగెను. భారతము చదువుకొన్న యింట ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోదు; కాని చేపల విషయమున అది చాలదని తోచి, ఈ వంశమును గూర్చి తెలిసికొన మొదలిడితిమి.

సిక్లిడ్ చేపలు అమెరికా ఖండములందును, ఆఫ్రికాయందును, మడగాస్కరు ద్వీపమునను, మన దక్షిణదేశమునను గలవు. మన దేశమున సహజముగా నుండునవి మూడు తెగలు మాత్రమే. వానిలో పెద్దదగు కరిమీనును 2010లో కేరళమువారు తమ రాష్ట్రపు చేపగా ప్రకటించిరి. దీనికి మిక్కిలి దగ్గరి చుట్టములు మడగాస్కరులో నున్నవి! పూర్వము ఖండములు విడిపోయినప్పుడే ఈ చేపలును విడిపోయినవని కొందరు శాస్త్రజ్ఞులు, తరువాత సముద్రము దాటినవని మరికొందరు వాదింతురు. వంశలక్షణములు మాత్రము చెడలేదు. వీనికి నోటిలోనిది గాక కంఠమున రెండవ దవడ యుండును. బిడ్డలను సాకుటలో నివి మనలను మించునేమో. ఆఫ్రికాలోని మలావీ సరస్సునందలి తల్లి గ్రుడ్లను నోటనుంచుకొని మూడు వారములు తిండి మానును. అమెజాను నదిలోని డిస్కస్ చేప పిల్లలు తలిదండ్రుల యొడలి జిగురును తిని పెరుగును.

వంశమొకటియైనను నీరొకటి గాదు. అమెజాను ప్రాంతపు నీరు చాలచోట్ల సున్నములేని మెత్తని నీరు. ఆకులు నాని కొంచెము పులుపు చాయగా నుండును. పులుపును, క్షారమును కొలుచు పి.హెచ్. అను లెక్కలో 7 సమస్థితి. అమెజాను నీరు తరచుగా దానికి దిగువనే యుండగా, మలావీ నీరు 7.7 మొదలు 8.6 వరకు నుండును. నీళ్లుకాచు పాత్రలో తెల్లని పెంకు కట్టుచున్నచో ఆ నీటిలో సున్నపుపాలు హెచ్చని సోదరీమణు లెరుగుదురు. మా బావినీ రట్టిదే. అనగా ఆఫ్రికా చేపలు పుట్టినింటను, ఏంజెల్ చేపలు పరాయింటను ఉన్నట్లయినది. అయినను న్యాయము చెప్పవలెను: అంగళ్లలోని ఏంజెల్ చేపలు తరతరములుగా తొట్లలో పుట్టినవగుటచే కొంత సున్నపునీటి కోర్చుకొనును. మా యింట జరిగిన దానికి నీటికంటె స్వభావమే హెచ్చు కారణము. ఆ చారలచేప రాళ్లసందులను తన పొలముగా నెంచి, దాపునకు వచ్చినదాని నెల్ల తరుమును. తిండియును వేరే: అది రాళ్లమీది నాచును గోకి తినునది, మాంసాహారము మిక్కుటమైన పొట్టయుబ్బి చచ్చును; ఏంజెల్ చేపకు పురుగులే ప్రీతి.

ఖండాంతరముల చేపలను కలుపనే కూడదా యన్నచో, కూడును. నైజీరియా దేశపు క్రిబెన్సిస్ అనునది మూడు నాలుగంగుళముల చేప. ఆడుదాని కడుపు దానిమ్మగింజ చాయగా నుండును. అదియు మెత్తని నీటినే కోరును, తొట్టి యడుగుననే తిరుగును. ఏంజెల్ నడిమినీట తేలును. మిగిలిన ఏంజెల్ చేపకు అట్టి జంట నొకదానిని తోడుచేసితిమి. పట్టియుంచిన వాననీటిని బావినీట సగపాలు కలిపి, వారమున కొకమారు నాలుగవవంతు నీటిని మార్చుచున్నాము. గుహకై బోర్లించిన కొబ్బరిచిప్పకు అంచున చిన్న వాకిలి చెక్కితిమి. కోనసీమ చుట్టరికము మాకు పనికివచ్చినది! గ్రుడ్లు పెట్టినప్పుడు ఆ జంటయు పౌరుషము చూపును గాని, నాలుగడుగుల పొడవున ఏంజెల్ తప్పుకొనుటకు చోటున్నది.

ఇక నాలుగు చారలచేపల మాట. గోస్తనిలో విడిచిపెట్టుడని పొరుగింటి పిన్నిగారు దయతోనే చెప్పిరి. మాకు మన సొప్పలేదు. ఆఫ్రికా సిక్లిడ్డే యైన తిలాపియాను ఆహారముకొరకని 1952లో మన దేశమునకు దెచ్చిరి. తల్లి నోటిలో పిల్లలను కాచుకొనునది గనుక అది త్వరగా వ్యాపించి నేడు కొల్లేటిలోను వలకు చిక్కుచున్నది. నాటుచేపల తిండికిని చోటునకును పోటీ వచ్చినది. తొట్లలోని పాచి తినునని దక్షిణ అమెరికానుండి వచ్చిన దెయ్యపుచేప మన చెరువుల రైతులను వేధించుట గోదావరి జిల్లాలవారికి చెప్పనక్కరలేదు.

కాబట్టి వానికి మరియొక తొట్టి కొని, బావినీరు పోసి, రాళ్లు పేర్చితిమి. ఖర్చునకు మా యింటివారు కొంత గొణిగిరి. పండ్రెండు దినములనుండి అందులో నొక ఆడుచేప నోరు బిగించి తిండి ముట్టుట లేదు. చిన్నపిల్ల గోడమీద సుద్దతో దినములు లెక్క వ్రాయుచున్నది.