విండోస్ 11కి మారాక పాత రిజిస్టరు తెరుచుకోకపోతే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. సంఘాల ఆఫీసులు ఒక్కొక్కటే 11కి మారుతున్నాయి. మారాల్సిందే. అయితే యూనికోడ్ రాకముందు ఫాంట్లలో టైపు చేసిన సభ్యుల జాబితాలు, చందా లెడ్జర్లు ఉన్నవారు కొందరు వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో పాత విండోస్ 7 నడుపుతున్నారు. కంప్యూటర్లో ఇంకో కంప్యూటరన్న మాట. తెలుగు టీచరు పోస్టు కోసం అర్జీ పెట్టాలంటే ఇక్కడ ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో చూపడానికి మన దగ్గర ఉన్నవి ఆ జాబితాలే.

లోపలి మెషీనుకూ బయటి మెషీనుకూ మధ్య ఫైళ్లు పంపేది హోస్ట్ ఓన్లీ అడాప్టర్. అది చేత్తో పట్టుకునే కార్డు కాదు, డ్రైవరు పుట్టించిన ఉత్తుత్తి కార్డు. విండోస్ అప్‌గ్రేడ్‌లో నెట్‌వర్క్ పరికరాలన్నీ మళ్లీ అమరుతాయి. అప్పుడు ఇది మాయం కావచ్చు, లేదా దాని డ్రైవరు టిక్కు పోవచ్చు. ఇంటర్నల్ నెట్‌వర్క్ తెరవలేకపోయామని ఎర్రర్ చూపి లోపలి మెషీను అసలు లేవదు.

కంగారు వద్దు, రిజిస్టరు పోలేదు. అది వీడీఐ ఫైలులో ఉంది. ముందు ఆ మెషీను ఫోల్డరు మొత్తం బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును పట్టదు.

ఇక రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. వర్చువల్‌బాక్స్ అడాప్టర్ కనిపిస్తే ప్రాపర్టీస్‌లో ఎన్‌డీఐఎస్6 బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్ డ్రైవర్ పక్కన టిక్కు ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టి, అడాప్టర్‌ను ఒకసారి డిసేబుల్ చేసి ఎనేబుల్ చేయండి. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది.

అడాప్టరే కనిపించకపోతే వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా పైన వేసుకోండి. వీడీఐకి ఏమీ కాదు. అయినా అడాప్టర్ రాకపోతే నెట్‌వర్క్ మేనేజర్‌లో క్రియేట్ నొక్కండి. సాధారణంగా 192.168.56.1 అడ్రసు వస్తుంది. అసలు తిరకాసు ఇక్కడే. కొత్త కార్డు పేరు చివర 2 అని చేరవచ్చు, లోపలి మెషీను మాత్రం పాత పేరునే వెతుకుతుంటుంది. దాని సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్లి కొత్త పేరు ఎంచుకోవాలి.

మెషీను లేచినా ఫోల్డర్ తెరుచుకోకపోతే, విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కించి ఫైర్‌వాల్‌తో ఆపుతుండవచ్చు. లోపల ఎక్స్‌పీ ఉంటే కారణం వేరు. అది వాడే పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతి విండోస్ 11లో మామూలుగా ఉండదు. దాన్ని తిరిగి తెరవడం కంటే వర్చువల్‌బాక్స్‌లోని షేర్డ్ ఫోల్డర్ వాడుకోవడమే మేలు.

సాయానికి వచ్చిన కుర్రాళ్లు నెట్‌వర్క్ రీసెట్ నొక్కబోతే ఆపండి. ఉన్న అడాప్టర్లన్నీ తీసేసి, వైఫై పాస్‌వర్డులతో సహా మళ్లీ మొదటికి తెస్తుంది.