చలికాలంలో కన్వర్టిబుల్ కారు చోదనం

పైకప్పును మడిచి వెనుకకు తీయగలిగిన కారును కన్వర్టిబుల్ అంటారు. ఇటువంటి కార్లలో కొన్ని ఇద్దరు మాత్రమే కూర్చోగల, నేలకు బాగా దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కార్లు. శీతల దేశాలలో వీటిని చలికాలంలో నడపడమంటే ప్రధానంగా మంచు మీద టైర్లు జారకుండా చూసుకొనడం. తెలంగాణలో మంచు కురవదు. కాబట్టి ఇక్కడ సమస్య రోడ్డు జారడం కాదు, దారి కనబడకపోవడం. హైదరాబాదు - విజయవాడ రహదారిపై నల్గొండ జిల్లాలోని కేతేపల్లి పరిసరాలు ఇందుకు మంచి ఉదాహరణ.

ప్రాంతం, రహదారి

కేతేపల్లి నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇది నకిరేకల్, సూర్యాపేటల మధ్య 65వ జాతీయ రహదారిపై ఉన్నది. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలను మార్చక ముందు ఇది 9వ జాతీయ రహదారి. హైదరాబాదు - విజయవాడ మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించగా 2012 చివరలో అది వినియోగంలోకి వచ్చింది. ఈ మార్గంలోని టోల్ ప్లాజాలలో ఒకటైన కొర్లపహాడ్ ఈ మండలంలోనే ఉన్నది. సంక్రాంతికి ముందు రోజులలో హైదరాబాదు నుండి కోస్తా జిల్లాలకు వెళ్ళే వాహనాలతో ఈ దారి కిక్కిరిసిపోతుంది. సంవత్సరంలో పొగమంచు ఎక్కువగా పట్టే కాలం కూడా ఇదే.

కేతేపల్లి, సూర్యాపేటల మధ్య రహదారి మూసీ నదిని దాటుతుంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు జలాశయం సమీపంలోనే ఉన్నది. దాని కాలువల క్రింద వరి సాగవుతుంది. నీరు, తడి పొలాలు ఉన్నచోట గాలిలో తేమ అధికంగా ఉంటుంది.

పొగమంచు ఏర్పడే విధానం

ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడి, దానిలోని నీటి ఆవిరి సూక్ష్మ బిందువులుగా మారుతుంది. దీనినే పొగమంచు అంటారు. ఇది సాధారణంగా తెల్లవారుజామున దట్టమై, సూర్యోదయం తరువాత కొద్ది గంటలలో విడిపోతుంది. పల్లపు ప్రదేశాలలో, వాగుల వద్ద, చెరువుల వద్ద ముందుగా చేరుతుంది. అందువలన ఒక కిలోమీటరు దూరం దారి స్పష్టంగా ఉండి, వంతెన వద్దకు వచ్చేసరికి హఠాత్తుగా ఏమీ కనబడకపోవచ్చును.

చూపు ఆనే దూరం 1 కిలోమీటరు కంటె తగ్గినపుడు పొగమంచుగా పరిగణిస్తారు. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం ఈ దూరం 200 మీటర్ల లోపు ఉంటే దట్టమైనదిగా, 50 మీటర్ల లోపు ఉంటే అతి దట్టమైనదిగా లెక్కిస్తారు.

వేగము - ఆగే దూరము

చోదకుడు అడ్డంకిని చూసి బ్రేకుపై కాలు వేయడానికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఆ సమయంలో కారు అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లు, బ్రేకులు ఉన్న కారు ఆగడానికి మొత్తం పట్టే దూరం సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* గంటకు 60 కి.మీ. వేగంలో: 45 మీటర్లు
* గంటకు 80 కి.మీ. వేగంలో: 70 మీటర్లు
* గంటకు 100 కి.మీ. వేగంలో: 100 మీటర్లు

రోడ్డు తడిసి ఉంటే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. ముందు 50 మీటర్లు మాత్రమే కనబడుతున్నపుడు 80 కి.మీ. వేగంతో పోయే కారు, ఎంత గొప్ప బ్రేకులున్నా, ఆగి ఉన్న లారీకి ముందు ఆగజాలదు. స్పోర్ట్స్ కారు బ్రేకుల శక్తి పై లెక్కలో రెండవ భాగాన్ని కొంత తగ్గించగలదే కాని, మనిషి స్పందించడానికి పట్టే కాలాన్ని తగ్గించలేదు. కాబట్టి పొగమంచులో వేగాన్ని నిర్ణయించవలసినది రోడ్డు పక్కన ఉన్న వేగపరిమితి బోర్డు కాదు, కంటికి ఆనే దూరం.

కన్వర్టిబుల్ కారుకు ప్రత్యేకమైన ఇబ్బందులు

ఎత్తు: స్పోర్ట్స్ కారులో చోదకుని కన్ను లారీ డ్రైవరు కన్ను కంటె చాలా క్రిందుగా ఉంటుంది. ముందున్న వాహనం మీదుగా అవతలి దారి కనబడదు. వెనుక నుండి వచ్చే లారీ, బస్సు డ్రైవర్లకు కూడా ఇంత పొట్టి కారు ఆలస్యంగా కనబడుతుంది.

వెనుక చూపు: గుడ్డ పైకప్పు వేసినపుడు వెనుక అద్దం చిన్నదిగా, మూలలు వెడల్పుగా ఉండి వెనుక ఏమి వస్తున్నదో సరిగా తెలియదు. పాత మోడళ్ళలో వెనుక గాజుకు బదులు ప్లాస్టిక్ రేకు ఉంటుంది. అది కాలక్రమేణా మసకబారుతుంది, తీవ్రమైన చలిలో మడిస్తే పగులుతుంది.

అద్దాలపై ఆవిరి: కారు లోపలి చోటు చిన్నది కావడంతో ఇద్దరి శ్వాసకే అద్దాలు మసకబారుతాయి. ఏసీని వేసి, వెచ్చని గాలిని ముందు అద్దం మీదికి మళ్ళించి, బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉంచితే ఇది తొలగుతుంది. ఏసీ గాలిలోని తేమను తీసివేస్తుంది కనుక చలికాలంలో కూడా దానితో పని ఉన్నది.

చలిగాలి: పైకప్పు తెరచి నడిపితే గాలి వేగం వలన చలి ఎక్కువగా అనిపిస్తుంది. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ ఉన్నపుడు గంటకు 60 కి.మీ. గాలి నేరుగా తగిలితే శరీరానికి సుమారు 5 డిగ్రీలుగా తోస్తుంది. చేతివేళ్ళు కొంకర్లు పోతే స్టీరింగుపై పట్టు తగ్గుతుంది. పక్క అద్దాలను పైకి ఎత్తి, సీట్ల వెనుక గాలిని ఆపే తెరను అమర్చి, హీటరు వేసుకొనడం ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతి.

రక్షణ: కారు బోల్తాపడినపుడు కాపాడే గట్టి పైకప్పు ఇందులో ఉండదు. ముందు అద్దపు చట్రం, సీట్ల వెనుక ఉండే ఉక్కు కమ్మీలు మాత్రమే ఆధారం. సీటు బెల్టు లేకపోతే వీటి వలన ప్రయోజనం లేదు. తెరచిన కారులో సీటుపై నిలబడి ప్రయాణించడం ప్రాణాంతకం.

టైర్లు

వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ ఉష్ణోగ్రతలో గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుచేత కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది పరిచిత విషయమే. నల్గొండ ప్రాంతంలో ఉష్ణోగ్రత అంత తగ్గడం చాలా అరుదు కాబట్టి ఆ టైర్ల అవసరం లేదు. అయితే ఉష్ణోగ్రత ప్రతి 5 - 6 డిగ్రీలు తగ్గినపుడు టైరులోని గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. టైర్లు చల్లగా ఉన్నపుడే గాలి చూసుకొనవలెను.

రోడ్డుపై పంట

వానాకాలపు వరి కోతలు చలికాలం మొదట్లో జరుగుతాయి. కల్లాలు చాలని ఊళ్ళలో రైతులు వడ్లను రోడ్డు అంచున ఆరబోసి, రాత్రి పట్టాలు కప్పి, అవి ఎగిరిపోకుండా రాళ్ళు పెడతారు. తెల్లవారుజామున పొగమంచులో ఈ నల్లని కుప్పలు కనబడవు. నేలకు దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కారు అడుగుభాగం ఆ రాళ్ళకు తగులుతుంది. చెదిరిన వడ్లపై టైర్లు జారుతాయి.

వరిగడ్డి, పత్తి తరలించే ట్రాక్టరు ట్రాలీలకు వెనుక దీపాలు లేకపోవడం మరొక ప్రమాదం. ఇదే రహదారిపై 2014 డిసెంబరు 6న సూర్యాపేట, కోదాడల మధ్య ఆకుపాముల వద్ద కారు ట్రాక్టరును ఢీకొనడంతో సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ మరణించాడు.

పాటించవలసిన జాగ్రత్తలు

* వీలైతే సూర్యోదయం తరువాత, మంచు విడిపోయాక బయలుదేరవలెను.
* హెడ్‌లైట్లను లో బీమ్‌లో ఉంచవలెను. హై బీమ్ వెలుగు నీటి బిందువులపై పడి తిరిగి కంటికే కొడుతుంది.
* ఫాగ్ లైట్లు ఉంటే వాడవలెను. మంచు విడిపోగానే ఆర్పవలెను.
* నాలుగు ఇండికేటర్లను ఆగినపుడు మాత్రమే వెలిగించవలెను. నడుస్తూ వెలిగిస్తే మలుపు తిరిగేదీ, ఆగినదీ వెనుక వారికి తెలియదు.
* ముందు వాహనపు ఎర్ర దీపాలనే గురిగా పెట్టుకొని దానికి దగ్గరగా పోరాదు.
* ఏమీ కనబడనపుడు రోడ్డుపై ఆపక, పెట్రోలు బంకులోకో, ధాబా ఆవరణలోకో తీసుకొనిపోవలెను.
* కారు చెడిపోతే అందులో కూర్చొనక, హెచ్చరిక త్రికోణాన్ని వెనుక దూరంగా ఉంచి, రోడ్డుకు దూరంగా నిలబడవలెను. జాతీయ రహదారుల సహాయానికి 1033, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయవచ్చును.

మంచు విడిపోయిన తరువాత పగటిపూట వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. వేసవి ఎండ, వానాకాలపు జల్లులు లేని ఈ కాలమే తెలంగాణలో పైకప్పు తెరచి ప్రయాణించడానికి అత్యంత అనుకూలమైనది.

ఇవి కూడా చూడండి

* కేతేపల్లి
* మూసీ ప్రాజెక్టు
* జాతీయ రహదారి 65
* పొగమంచు