సైకిల్ కడగడానికి కూడా డబ్బులా?

సైకిల్ సర్వీసింగ్ బిల్లు చేతికొచ్చాక జనం ఎక్కువగా పేచీ పెట్టేది ఒకే పద్దు దగ్గర. బ్రేకు రబ్బర్లకు ఇస్తారు, గేరు వైరుకు ఇస్తారు, లేబర్ చార్జీకి కాస్త బేరమాడి ఇస్తారు. ‘వాషింగ్’ అని రాసి పక్కన అంకె కనిపిస్తే మాత్రం ఊరుకోరు. “రెండు బకెట్ల నీళ్లకు ఇంతా?” అంటారు. సైకిల్ సర్వీసింగ్ గురించి మనలో పాతుకుపోయిన అపోహలన్నీ దాదాపు ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. వాటివల్ల సైకిల్ పాడవుతోంది, డబ్బు పోతోంది, చేతులు నల్లబడేలా పనిచేసే మెకానిక్‌కు అన్యాయమూ జరుగుతోంది.

అపోహ: కడగడమంటే నీళ్లు, షాంపూ, పాతగుడ్డ. దానికి చార్జీ ఏమిటి?

వాస్తవం: ఫ్రేము, మడ్‌గార్డులు కడగడం నిజంగానే తేలిక. అది ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. షాపులో సమయం తినేది చైను, గేరు పళ్లు. గేర్ల సైకిల్ చైనులో నూరుకు పైగా లింకులుంటాయి. ఒక్కోదానికి ఒక పిన్ను, దాని మీద తిరిగే చిన్న రోలర్. పాత నూనెలో రోడ్డు దుమ్ము కలిసి నల్లటి ముద్దగా మారి వాటి సందుల్లోకి చేరుతుంది. ఆ ముద్దలో ఇసుక రేణువులుంటాయి కాబట్టి తొక్కిన ప్రతిసారీ అది ఇనుమును అరగదీస్తూనే ఉంటుంది. దాన్ని వదిలించాలంటే జిడ్డు కరిగించే ద్రవం పోసి, వెనక చక్రం తీసి, పళ్లచక్రాల మధ్య ఒక్కో సందులో బ్రష్షు పెట్టి తోమాలి. చైనును సాగదీసి పట్టుకునే రెండు చిన్న చక్రాల చుట్టూ పేరుకున్న మట్టిని గోకి తీయాలి. తర్వాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక్కో రోలర్ మీద చుక్క చొప్పున నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. బాగా మురికి పట్టిన సైకిల్‌కు ఇదంతా గంట పని. ఆ గంటలో మెకానిక్ మరో సైకిల్ ముట్టుకోలేడు. మీరు కట్టేది ఆ గంటకే.

ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. మురికి కింద ఏముందో ఎవరికీ కనిపించదు. ఫ్రేము అతుకుల దగ్గర సన్నటి పగులు, రిమ్ములో పుల్ల బిగించిన చోట వచ్చిన చీలిక, టైరు పక్క గోడలో కోత, ఇవన్నీ కడిగాకే బయటపడతాయి. మట్టి అంటుకున్న హబ్బును అలాగే విప్పితే ఆ మట్టి నేరుగా బేరింగుల్లోకి రాలుతుంది. అందుకే మంచి షాపులు విప్పే ముందు కడుగుతామని పట్టుబడతాయి, మరీ మురికిగా తెస్తే విడిగా చార్జీ వేస్తాయి. బ్రిటన్, అమెరికాల్లోని సైకిల్ షాపుల్లోనూ శుభ్రం చేసినందుకు విడిగా డబ్బు తీసుకోవడం మామూలే. ఆ ఖర్చు వద్దనుకుంటే ముందురోజు ఇంట్లో కడిగి, చైను తుడిచి తీసుకెళ్లండి. “నేను కడిగే తెచ్చాను, వాషింగ్ తీసేస్తారా?” అని అడగడంలో తప్పేమీ లేదు.

అపోహ: తళతళలాడుతోంది కాబట్టి సర్వీసింగ్ బాగా చేసినట్టే.

వాస్తవం: నిగనిగలాడే సైకిల్‌లో అరిగిన బేరింగులు ఉండవచ్చు. మన ఊళ్లలో పాతతరం మెకానిక్‌లు ‘ఓవరాయిలింగ్’ అనే పని గుర్తుచేసుకోండి. మామూలు సైకిల్ ముందు హబ్బులో అటు పది ఇటు పది 3/16 అంగుళం బాల్స్, వెనక హబ్బులో అటు తొమ్మిది ఇటు తొమ్మిది 1/4 అంగుళం బాల్స్ ఉంటాయి. పెడళ్ల క్రాంకులు తిరిగే ఇరుసులోనూ 1/4 అంగుళం బాల్సే. వాటిని విప్పి, కిరోసిన్‌లో కడిగి, గుంటలు పడ్డవి పారేసి, కొత్త గ్రీజు పెట్టి మళ్లీ బిగిస్తారు. అసలు విద్య ఆ బిగింపులో ఉంది. బాల్స్‌ను నొక్కి పట్టే కోను ఎక్కువ బిగిస్తే అవి తాము తిరిగే కప్పును తినేస్తాయి. వదులైతే చక్రం ఊగుతుంది. రెండింటికీ మధ్య తేడా నట్టును రవ్వంత తిప్పడమే, అది చేతికి తెలియాలి. దానివల్ల పైకి ఏ మెరుపూ రాదు.

సైకిల్ తెచ్చుకునేటప్పుడు మీరే చూసుకోండి. చక్రాన్ని పైకెత్తి తిప్పితే గరగర లేకుండా చాలాసేపు తిరగాలి. రిమ్ము పట్టుకుని అటూఇటూ కదిపితే లొటలొటలాడకూడదు. తిరుగుతున్న రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకవైపు తగిలి ఇంకోవైపు దూరం కాకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ నెట్టినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమనకూడదు. ఈ పరీక్షల్లో దేనిలో తేడా వచ్చినా అక్కడే చెప్పండి. ఇంటికొచ్చి బాధపడి లాభం లేదు.

అపోహ: మోటార్ సైకిళ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ షెడ్డులో పెడితే అయిదు నిమిషాల్లో, చవకలో అయిపోతుంది.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. సైకిల్ హబ్బుల్లో, పెడళ్ల ఇరుసులో, హ్యాండిల్ కప్పుల్లో ఉండే రబ్బరు సీళ్లు వాన చినుకులకూ రోడ్డు మీద చిందే నీళ్లకూ తట్టుకునేలా తయారైనవి. పంపు నుంచి దూసుకొచ్చే నీటిధార వాటిని దాటి లోపలికి పోతుంది, గ్రీజును కడిగేస్తుంది. లోపల చేరిన నీరు బయటికి రాదు. కొన్ని వారాలకు గరగర మొదలవుతుంది, అప్పటికి బాల్స్ తుప్పుపట్టి ఉంటాయి. స్పాంజి, బకెట్, సన్నగా పారే గొట్టం చాలు.

అపోహ: ఏ నూనె అయితేనేం, ఎంత పోస్తే అంత మంచిది.

వాస్తవం: ముందు డబ్ల్యూడీ-40 సంగతి. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తయారైన ఈ ద్రవం అసలు ఉద్దేశం తేమను తరిమి తుప్పు పట్టకుండా ఆపడం. పట్టేసిన నట్టు వదులు చేయడానికి, జిడ్డు తుడవడానికి పనికొస్తుంది. చైను మీద అది పలచటి పొరగానే మిగులుతుంది, పైగా లోపలున్న అసలు నూనెను కూడా కరిగించేస్తుంది. కిరోసిన్‌దీ అదే కథ. అది శుభ్రం చేస్తుంది, కందెనగా పనిచేయదు. కిరోసిన్ ఆరిపోయాక నూనె వేయకపోతే చైను పొడిగా అరుగుతుంది. బండిలోంచి తీసిన పాత ఇంజనాయిలులో అప్పటికే లోహపు రజను ఉంటుంది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలపు ఉదయాల్లో చైను మీద అది మైనంలా ఉంటుంది.

చైను నూనె ఏదైనా సరే, పనిచేసేది లోపలి పిన్ను దగ్గర. బయట కారే నూనె దుమ్మును పిలిచే జిగురు మాత్రమే. డిస్కు బ్రేకులున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డిస్కు మీద నూనె తుంపర పడితే ప్యాడ్లు దాన్ని పీల్చుకుంటాయి, బ్రేకు పట్టదు. అందుకే ఆ దగ్గర్లో ఎప్పుడూ స్ప్రే కొట్టకండి.

అపోహ: కొత్త సైకిల్‌కు సర్వీసింగ్ అక్కర్లేదు.

వాస్తవం: మొదటి నెలలోనే ఎక్కువ అవసరం. కొత్త వైర్లు సర్దుకుని వదులవుతాయి, పుల్లలు రిమ్ములో కుదురుకుంటూ బిగువు కోల్పోతాయి. కొన్న షాపువాళ్లు మొదటి సర్వీస్ ఉచితమంటే వదులుకోవద్దు.

అపోహ: చైను తెగలేదు కదా, మార్చమంటున్నారంటే అంటగట్టడానికే.

వాస్తవం: చైను తెగడానికి చాలాముందే సాగుతుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, స్కేలు తీసుకుని కొలవండి. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. అంటే 24 లింకులు కచ్చితంగా 12 అంగుళాలు రావాలి. అదే కొలత అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే గేర్ల చైను మార్చే సమయమైంది. ఎనిమిదో వంతు ఎక్కువొస్తే వెనక పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు రెండూ మార్చాలి. వెనక పళ్లచక్రాల ధర చైను కంటే చాలా ఎక్కువ.

అపోహ: సైకిల్ రిపేరుకు పెద్ద తెలివి అక్కర్లేదు, లేబర్ చార్జీ అంతా దోపిడీ.

వాస్తవం: రైట్ సోదరులు 1892లో అమెరికాలోని డేటన్‌లో సైకిల్ వ్యాపారం మొదలుపెట్టారు. విమాన ప్రయోగాలకు డబ్బు అక్కడినుంచే వచ్చింది. 1903లో ఎగిరిన వారి విమానం ఇంజను చేసింది ఆ షాపులో పనిచేసిన మెకానిక్ చార్లీ టేలర్. సైకిల్ బాగుచేసే చేతుల గురించి చులకనగా మాట్లాడేవారికి ఈ సంగతి చెప్పాలి. చెట్టు కింద పెట్టె పెట్టుకున్న మెకానిక్ పాత సైకిల్ చక్రానికి బెండు తీసినంత నేర్పుగా పెద్ద షోరూములో చాలామంది తీయలేరు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకు వేరే సంగతి. షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోయాలి, కొన్ని ఇతర కంపెనీల వాటిలో డాట్ (DOT) అనే బ్రేకు ద్రవం పోయాలి. ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేకు పాడవుతుంది. ఆ పనిముట్లూ ఆ పరిజ్ఞానమూ ఉన్నచోటికే వెళ్లాలి.

అలాగని షాపు వేసిన ప్రతి చార్జీ న్యాయమైనదని నేననను. చెప్పకుండా వాషింగ్ కలపడం, అడగకుండా సామాను మార్చడం, నెలనెలా ఫుల్ సర్వీస్ కావాలని భయపెట్టడం తప్పు. రోజూ పది కిలోమీటర్ల లోపు పొడి రోడ్ల మీద తొక్కేవారికి చైను తుడిచి నూనె వేసుకుంటూ, ఏడాదికోసారి పూర్తిగా విప్పించుకుంటే చాలు. వానల్లో తొక్కేవారు, విశాఖ లాంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలిలో తిరిగేవారు ఇంకా తరచుగా చూపించాలి.

సైకిల్ అప్పగించే ముందే ఏమేం చేస్తారో, కడగడం అందులో కలిసిందో లేదో కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను తిరిగి ఇవ్వమనండి. రేటు ముందే చెప్పి, పని సరిగా చేసిన మెకానిక్‌కు మాత్రం కడిగిన డబ్బులతో సహా మొత్తం ఇచ్చేయండి.