పాదయాత్ర – దేహధర్మం

మన దేశంలో తీర్థయాత్రకూ కాలినడకకూ విడదీయరాని సంబంధం ఉంది. రైళ్లు, బస్సులు లేని కాలంలో నడక తప్పనిసరి. అవి వచ్చిన తరువాత కూడా అనేకులు నడకనే మొక్కుగా స్వీకరిస్తున్నారు. ఏటా ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వేలాది భక్తులు శ్రీశైలానికి నడిచి వస్తారు. వారిలో పలువురు ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద నల్లమలలో ప్రవేశించి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా క్షేత్రానికి చేరుకొంటారు. అప్పటికే ఎండలు ముదురుతాయి. ఆకు రాలిన అడవిలో నీడ పలుచబడుతుంది, నీరు అరుదవుతుంది. భక్తి మనిషిని కొండ ఎక్కించగలదు. చెమటగా పోయిన నీటిని మాత్రం తిరిగి ఇవ్వలేదు. అందువల్ల యాత్రికుడు దైవంతోపాటు దేహధర్మాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ సత్యాన్ని గ్రహించిన పూర్వ యాత్రికులలో ఏనుగుల వీరాస్వామయ్య ఒకరు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, నడివేసవిలో, కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. శ్రీశైలాన్ని దర్శించి, హైదరాబాదు, సికింద్రాబాదులను చూసి, నాగపూరు దిశగా సాగిపోయారు. ఆయన ప్రయాణం ప్రధానంగా పల్లకిలో జరిగింది. ఆ పల్లకిని మోసిన బోయీలు మాత్రం బరువుతో కాలినడకన సాగారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన మజిలీల దూరాలను, దారి తీరును, బసకు వీలును, నీటి వసతిని, సరుకులు దొరికే తావులను శ్రద్ధగా నమోదు చేశారు. నడిచేవారికి ఇటువంటి వివరాలు ప్రాణాధారాలు. తరువాతి మజిలీ ఎంత దూరమో, నడుమ నీరు ఎక్కడ లభిస్తుందో తెలియకుండా సాగడం ఆనాడూ ప్రమాదమే, ఈనాడూ ప్రమాదమే.

నడిచేటప్పుడు దేహంలో ఏమి జరుగుతుంది? మనిషి దేహోష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. నడకలో కండరాలు వినియోగించే శక్తిలో దాదాపు మూడు వంతులకు పైగా వేడిగా మారుతుంది. ఆ వేడిని వెలుపలికి పంపడానికి రక్తం చర్మం వైపు అధికంగా ప్రవహిస్తుంది. అదే సమయంలో కండరాలకూ రక్తం కావాలి. ఈ రెండు అవసరాలు తీర్చడానికి గుండె వేగంగా కొట్టుకొంటుంది. చల్లని వేళ సులభంగా నడిచిన దూరమే ఎండలో అలసట కలిగించడానికి ఇది ముఖ్య కారణం. పరిసరాల గాలి చర్మం కన్నా వేడెక్కినప్పుడు దేహానికి మిగిలే ప్రధాన మార్గం చెమట ఆవిరి కావడమే. మండుటెండలో వేగంగా నడిచేవారికి గంటకు లీటరు వరకు, కొందరికి అంతకు మించి కూడా, చెమట పోవచ్చు.

ప్రాంతాన్ని బట్టి ఎండ స్వభావం మారుతుంది. సికింద్రాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున, రాతినేలల పీఠభూమిపై ఉంది. మే నెలలో అక్కడ పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అటువంటి పొడిగాలిలో చెమట పుట్టిన వెంటనే ఆవిరవుతుంది. చొక్కా తడవదు, తడవలేదు గనుక నీరు పోలేదని బాటసారి భ్రమపడతాడు. కోస్తా తీరంలో స్థితి వేరు. అక్కడ తేమ అధికం కావడంతో చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు, దేహమూ త్వరగా చల్లబడదు. మొదటి చోట నష్టం కంటికి కనబడదు. రెండవ చోట చెమట కారినా ఫలితం తక్కువ.

దప్పిక కూడా పూర్తిగా నమ్మదగిన హెచ్చరిక కాదు. అది తరచుగా ఆలస్యంగా కలుగుతుంది. దీక్షలో ఉన్నవారు దానిని సహించడమే తపస్సుగా భావిస్తే ముప్పు మరింత పెరుగుతుంది. పిక్కలు పట్టడం, తల తిరగడం, వికారం, మూత్రం ముదురు రంగులోకి మారడం తొలి సూచనలు. దేహోష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మనసు గందరగోళానికి లోనైతే అది వడదెబ్బ. దాని తీవ్రత ఎంతటిదో 2015 వేసవి చూపింది. ఆ సంవత్సరం దేశంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. వడదెబ్బ తగిలినవారిని వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒళ్లంతా నీటితో తడిపి విసరాలి. 108కు ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

రాకుండా చూసుకోవడమే ఉత్తమం. యాత్రకు ఒకటి రెండు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా ఎండలో నడిస్తే దేహం వేడికి అలవాటుపడుతుంది. వేకువజామున బయలుదేరి, ఎండ ముదరకముందే మజిలీ చేరి, సాయంకాలం తిరిగి సాగడం మేలు. దప్పిక కోసం వేచి ఉండక తరచుగా కొంచెం కొంచెం తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందువల్ల గంటల తరబడి కేవలం మంచినీరే అమితంగా తాగితే రక్తంలో ఉప్పు శాతం తగ్గి ప్రమాదం కలుగవచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, తరవాణి వంటి మన పెద్దల పానీయాలు ఈ లోటును కొంత పూరిస్తాయి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కలుపుకొన్నా ఉపయోగమే. తలకు తడిగుడ్డ, ఒంటికి వదులైన నూలు వస్త్రం, కాలికి ముందే అలవాటైన చెప్పులు అవసరం. వృద్ధులు, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు బయలుదేరేముందు వైద్యుని సలహా పొందాలి.

ఎంతటి జాగ్రత్తపరుడైనా దారి పొడుగునా కావలసిన నీటిని మోసుకొని పోలేడు. అక్కడే సమాజం బాధ్యత మొదలవుతుంది. బాటసారులకు నీరు పోయడం ఈ నేలపై ప్రాచీన ధర్మం. హాలుడు సంకలనం చేసిన గాథాసప్తశతిలోనే చలివేంద్రంలో బాటసారికి నీరు పోసే స్త్రీ కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. నేటికీ వేసవిలో సికింద్రాబాదు వంటి నగరాల వీధులలో పందిళ్ల కింద నీటి కుండలు వెలుస్తాయి. కుండ పెట్టినవారు యాత్రికుని గమ్యాన్ని అడగరు, అతని దప్పికనే గుర్తిస్తారు. యాత్రికుడు కూడా తన దేహాన్ని అంతే దయతో చూసుకోవాలి. నీడలో కాసేపు ఆగడం, కడుపునిండా మజ్జిగ తాగడం దీక్షకు భంగం కావు. దీక్ష నెరవేరి క్షేమంగా ఇల్లు చేరడానికి అవే సాధనాలు.