ఇంజనులు ఆగిన విమానమున గాలిమర

పెద్ద విమానమును మలుపవలెనన్నను, పైకెత్తవలెనన్నను, రెక్కలకును తోకకును అమర్చిన పలకలను కదల్పవలెను. గంటకు ఐదువందల మైళ్ల వేగమున ఎదురువచ్చు గాలిని త్రోసి వానిని త్రిప్పుట మనుష్యుని చేతిబలమునకు మించిన పని. అందుచేత గొట్టములలో నూనెవంటి ద్రవమును నింపి, చదరపు అంగుళమునకు సుమారు 3,000 పౌనుల ఒత్తిడి కల్పించి, ఆ బలముచే పలకలను కదల్తురు. ఒత్తిడి కల్పించు పంపులను ముఖ్యముగా ఇంజనులే నడుపును. ఇంజనులు ఆగినచో?

తోకలో మరియొక చిన్న ఇంజను ఉండును. కాని దానికిని ఇంధనమే ఆహారము. ఇంధనమే నిండుకొన్ననాడు అది ఉన్నను లేనట్లే.

కెనడాలో 1983 జూలై 23న జరిగినది అదియే. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమున 69 మంది ఉండిరి. ఇంధనమును కిలోగ్రాములకు బదులు పౌనుల లెక్కన పోసిరి. వలసినదానిలో సగమైనను పడలేదు. (శేర్లు, వీసెలు విడిచి కిలోలకు మారిన మనకు ఇట్టి తికమక తెలియనిది కాదు.) 41,000 అడుగుల ఎత్తున పోవుచుండగా చిక్కు మొదలై, కొద్దిసేపటికి రెండు ఇంజనులును ఆగిపోయెను.

అప్పుడు విమానపు పొట్టనుండి చిన్న గాలిమర యొకటి బయటికి దిగెను. క్రిందికి జారుచున్న విమానమునకు ఎదురువచ్చు గాలియే దానిని త్రిప్పెను, అది పంపును త్రిప్పెను, పలకలు కదలెను. ఎత్తును ఖర్చుచేసి వేగమును, వేగముతో ఒత్తిడిని సంపాదించుకొనుట యన్నమాట. ఇందొక చిక్కు గలదు. నేలకు దిగునప్పుడు వేగము తగ్గింపక తప్పదు. వేగము తగ్గినకొలది గాలిమర మందగించును. మెలకువగా నడుపవలసిన ఆ నిమిషముననే పలకలు మొరాయించును. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడరును నడిపిన అలవాటు ఉండుట అదృష్టము. ఆయన గిమ్లీ యను ఊరి పాత వైమానిక స్థావరమున విమానమును దింపెను. ముందుచక్రము సరిగా బిగియక ముక్కు నేలను రాచుకొన్నది గాని, ఒక్క ప్రాణమైనను పోలేదు.

పంపునకు శక్తి దొరికినంతమాత్రమున సరిపోదు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ వారి డి.సి.-10 విమానపు తోక ఇంజనులోని చక్రము బ్రద్దలై, ఆ ముక్కలు విడివిడిగానున్న మూడు వరుసల గొట్టములను దెబ్బతీసెను. రెక్కల ఇంజనులు నడచుచునేయున్నవి. త్రోయుటకు ద్రవమే లేదు. పైలట్లు ఆ రెండింటి వేగమును హెచ్చించుచు, తగ్గించుచు సూసిటీ వరకు తేగలిగిరి. 296 మందిలో 112 మంది మరణించిరి. అటుపిమ్మట ఆ జాతి విమానములలో, తోకవద్ద గొట్టము తెగినను ద్రవమంతయు కారిపోకుండ ఆపు కవాటమును అమర్చిరి.