ప్రథమ మాసత్రయమున గర్భిణీరక్షణము: ఆయుర్వేద సంహితలు, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతము

గర్భవతియైన స్త్రీని, నిండుగా నూనె పోసిన పాత్రను తొణకకుండ మోసికొనిపోవునట్లు కాపాడవలెనని చరకసంహిత శారీరస్థానమునందలి అష్టమాధ్యాయము విధించినది. ఈ విధి గర్భిణిని ఉద్దేశించి చెప్పినది కాదు. ఆమెను ఉపచరింపవలసిన వారిని ఉద్దేశించి చెప్పినది. పాత్ర తనంత తాను తొణకదు. మోయువాని అజాగ్రత్తయో, త్రోవలోని ఎగుడుదిగుళ్లో దానికి కారణములగును. కావున గర్భిణీరక్షణమున భర్తకు, అత్తవారికి, పుట్టినింటివారికి, ఆమెచేత పని చేయించుకొనువారికి, ఊరి నీటిని నేలను కాపాడవలసినవారికి గూడ పాలు కలదు. ఈ విషయమును సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకు అన్వయించి చూచుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

2016 వఱకు మెదకు జిల్లాకు ముఖ్యపట్టణమై, ఆపై ప్రత్యేక జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డికిని హైదరాబాదునకును నడుమ పటాన్‌చెరు ఉన్నది. 1970 దశకమునుండి పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, జిన్నారము పరిసరములలో ఔషధ, రసాయన, లోహ పరిశ్రమలు విస్తరించినవి. వానివెంట వేలకొలది కుటుంబములు దూరప్రాంతములనుండి వచ్చి ఇచట స్థిరపడినవి. అత్తయు తల్లియు చెంతలేని ఇరుకుగదిలో తొలిచూలు మోయుచు, కర్మాగారమునకు పోయివచ్చు స్త్రీకి పూర్వము ఇంటి పెద్దలు చెప్పు జాగ్రత్తలు నేడు ఎవరు చెప్పుదురు?

అవయవోత్పత్తి కాలము

తృతీయ మాసమున సర్వేంద్రియములు, సర్వాంగావయవములు ఏకకాలమున ఏర్పడునని చరకుని మతము. ఆ మాసమున చేతులు, కాళ్లు, శిరస్సు అను అయిదు పిండకములు పొడసూపుననియు, చతుర్థ మాసమున అంగప్రత్యంగ విభాగము స్పష్టపడుననియు సుశ్రుతుడు చెప్పెను. ఆధునిక పిండశాస్త్రము ఈ కాలమును మరికొంత ముందునకు జరిపినది. గర్భధారణ జరిగిన మూడవ వారమునుండి ఎనిమిదవ వారములోగా ముఖ్యావయవముల రూపురేఖలు ఏర్పడును. మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాడీనాళము ఇంచుమించు 28వ దినమునాటికే మూసికొనును. అప్పటికి నెల తప్పి రెండువారములు మాత్రమే గడచియుండును. పలువురకు తాము గర్భవతులమను సంగతియే తెలియదు.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, జాగ్రత్త గర్భధారణకు పూర్వమే ఆరంభము కావలెను. సంతానము కోరు స్త్రీ దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గర్భధారణకు ముందునుండియే తీసికొని, తొలి మూడునెలలు కొనసాగించినచో నాడీనాళ లోపములు చాలవఱకు నివారింపబడును. రెండవది, నెల తప్పిన వెంటనే పరీక్ష చేయించుకొని, పండ్రెండు వారములలోగా ఆశా కార్యకర్తయొద్దగాని, ఆరోగ్య కేంద్రమునగాని పేరు నమోదు చేయించుకొనవలెను. అపుడు రక్తపుపోటు, రక్తహీనత, రక్తవర్గము, మధుమేహము, మూత్రము మున్నగు పరీక్షలు సకాలమున జరుగును. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుపు ఏర్పాటు 2016లో ఆరంభమైనది.

ఆహారము

ప్రథమ మాసమున ఔషధములు చేర్చని చల్లని పాలను తగు మాత్రలో త్రాగి, ఉదయ సాయంకాలములందు సాత్మ్యమైన భోజనము చేయవలెననియు, ద్వితీయ మాసమున మధురౌషధములతో కాచిన పాలను, తృతీయ మాసమున తేనెయు నేయియు కలిపిన పాలను సేవింపవలెననియు చరకుడు చెప్పెను. సుశ్రుతుడును ఈ మూడుమాసములకు మధురము, శీతము, ద్రవప్రాయము అయిన ఆహారమునే విధించెను. వేవిళ్ల కాలమున గట్టి పదార్థములు లోనికి పోక, పోయినను నిలువక బాధపడు స్త్రీకి ఈ విధానము ఎంత అనుకూలమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నేటి వైద్యులును కొంచెము కొంచెముగా పలుమాఱులు తినుమనియు, ద్రవములు విడువవలదనియు చెప్పుచున్నారు. అయితే పాలను కాచియే త్రాగవలెను. పచ్చిపాలవలన రోగక్రిములు సంక్రమించును.

సాత్మ్యమనగా అలవాటుపడి ఒంటికి సరిపడునది. ఈ ప్రాంతపు జొన్నరొట్టె, కందిపప్పు, తోటకూర, పుంటికూర, గుడ్డు ఇట్టివి. అంగన్‌వాడీ కేంద్రములలో గర్భిణులకు పూర్తి భోజనమును, పాలను, గుడ్డును అందించు ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో తెలంగాణమున మొదలైనది. ఇనుము మాత్రలు సాధారణముగ నాలుగవ నెలనుండి ఆరంభింపబడును. ఎండినది, నిలువయున్నది, క్రుళ్లినది అయిన అన్నమును గర్భిణి తినరాదని సుశ్రుతుడు నిషేధించెను. రాత్రి వండినది మఱునాటి షిఫ్టునకు డబ్బాలో కట్టుకొనిపోవు స్త్రీల విషయమున ఈ నిషేధము నేటికిని సార్థకమే.

గర్భిణులకు మన్ను తినవలెనను కోరిక కలుగుట సుప్రసిద్ధము. కాళిదాసు రఘువంశ తృతీయ సర్గమున సుదక్షిణాదేవి ముఖము మృత్పరిమళము వెదజల్లుటను వర్ణించెను. ఆ కావ్యమునకు సంజీవనీ వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొలచెలమ, నేటి కొల్చారము, వాడగుట ఈ సీమకు గర్వకారణము. కవికి దౌహృద చిహ్నముగ కనిపించిన ఈ కోరిక వైద్యునికి పలుమాఱులు ఇనుము లోపమునకు గుర్తుగ కనిపించును. కావున మన్ను, బలపములు, బియ్యము తినవలెననిపించిన స్త్రీని ఎగతాళి చేయక రక్తపరీక్ష చేయింపవలెను. అందును పటాన్‌చెరు మన్ను వట్టి మన్ను కాదు. ఈ పారిశ్రామికవాడ నేలలో క్రోమియము, సీసము, ఆర్సెనిక్ మున్నగునవి అధికముగ చేరినట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిరి. సీసము మావిని దాటి శిశువు మెదడును బాధించును.

జలదోషము

చరకసంహిత విమానస్థాన తృతీయాధ్యాయమున జనపదోద్ధ్వంసము వివరింపబడినది. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును చెడినచో భిన్నప్రకృతులు గల జనులందఱును ఒక్కమాఱుగ రోగపీడితులగుదురని ఆత్రేయుడు అగ్నివేశునకు ఉపదేశించెను. గంధము, వర్ణము, రుచి, స్పర్శ వికృతములగుట, నీటిపక్షులు విడిచిపోవుట, జలచరములు క్షీణించుట చెడిన నీటికి లక్షణములు. మంజీరలో కలియు నక్కవాగు తీరపు రైతులు ఈ లక్షణములనన్నిటిని కన్నులార చూచినవారే. ఆ కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు పటాన్‌చెరు కేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నట్లు 2007లో స్వీడను పరిశోధకులు వెల్లడించిరి. ఈ ఉపద్రవమునకు మూలము అధర్మమనియు, అది పాలించు ప్రధానులనుండి జనులకు వ్యాపించుననియు ఆత్రేయుడు చెప్పుట గమనింపదగినది.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. నీటిని మఱిగించుటవలన రోగక్రిములు నశించునుగాని లోహములు పోవు. నీరు ఆవిరియైన కొలది వాని సాంద్రత మఱింత పెరుగును. కావున పరిశ్రమల సమీపమునందలి బోరునీటిని మఱిగించి త్రాగుట రక్షణము కాదు. శుద్ధిచేసి గొట్టముల ద్వారా సరఫరా చేయు నీటినే త్రాగుటకు, వంటకు వాడవలెను.

పనిచోటు

గర్భోపఘాతకర భావములను చెప్పుచు చరకుడు విషమమైన, కఠినమైన ఆసనమును, మలమూత్ర వేగధారణమును, దారుణమైన శ్రమను, మితిమీఱి అల్పమైన భోజనమును, కుదుపు యానములను పేర్కొనెను. సుశ్రుతుడు దుర్గంధమును గూడ వర్జింపుమనెను. ఇవన్నియు ఒకే విలువ గలవి కావు. సామాన్య ప్రయాణమువలన గర్భస్రావము కలుగునని నేటి వైద్యము అంగీకరింపదు. కాని వేగధారణ విషయము నేటికిని ముఖ్యము. మఱుగుదొడ్డి సరిగా లేదనియో, పని విడిచిపోనీయరనియో నీరు త్రాగుట మాని, మూత్రమును ఆపుకొను స్త్రీకి మూత్రనాళ వ్యాధి సులభముగ సోకును. చికిత్స లేనిచో అది మూత్రపిండములకు ప్రాకి అకాల ప్రసవమునకు దారితీయవచ్చును.

ఔషధ కర్మాగారములందు దుర్గంధమే హెచ్చరిక. ద్రావకముల ఆవిరులు, క్యాన్సరు మందుల పొడి, హార్మోనుల ధూళి పిండమునకు హానికరములు. మెథోట్రెక్సేట్, ఐసోట్రెటినాయిన్ వంటి మందులు మ్రింగినపుడు పిండవైకల్యము కలుగునని నిర్ధారణయైనది; వానిని తయారుచేయు, పొట్లములు కట్టు చేతులకును జాగ్రత్త అవసరమే. 1961లో థాలిడోమైడ్ అనర్థము బయటపడినపుడు గర్భారంభమున కొలది మాత్రలే వేలమంది శిశువుల అవయవములను హరించినట్లు లోకమునకు తెలిసినది. గర్భిణికి మృదువు, మధురము, శీతము అయిన చికిత్సయే చేయవలెనని, వమన విరేచనములు కూడవని చరకుడు చెప్పినదియు ఈ భావమే. వైద్యుని అడుగక ఏ మాత్రయు, లోహభస్మములు చేరిన ఏ నాటుమందును వాడరాదు. పొగాకు, మద్యము పూర్తిగా వర్జ్యములు.

ఇక చట్టమేమి చెప్పుచున్నది? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, గర్భిణి కోరినచో శ్రమభారము గల పనినుండి, చాలసేపు నిలువబడు పనినుండి ఆమెను తప్పింపవలెనని చెప్పినది. కాని ఆ రక్షణము ప్రసవమునకు ముందటి పదివారములకు సంబంధించినది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోను ఆ ఏర్పాటే కొనసాగినది. గర్భస్రావమైనచో ఆరువారముల వేతన సహిత సెలవు కలదు; దానిని నివారించు తొలినెలలకు అట్టి ప్రత్యేక రక్షణము లేదు. సంహితలును పిండశాస్త్రమును ఏ కాలమును అతి సుకుమారమని చెప్పినవో, ఆ కాలమునే చట్టము విడిచినది. పని పోవునను భయమున నెల తప్పిన సంగతిని దాచుకొను స్త్రీకి ఆ దాచిన వారములే అపాయకరములు.

అపాయసూచనలు

రెండు మూడు మాసములలో రక్తము కనిపించినచో గర్భము నిలువదని చరకుని అభిప్రాయము. ఇచట నేటి వైద్యము భేదించుచున్నది. తొలినెలలలో రక్తము కనిపించిన గర్భములు అనేకము నిలిచి పండినవి. స్కానింగు వలన నిజము తెలియును. కావున ఆశ విడిచి ఇంట కూర్చుండరాదు. రక్తస్రావము, పొత్తికడుపున ఒకవైపు తీవ్రమైన నొప్పి, సొమ్మసిల్లుట, నీరు సైతము నిలువని వాంతులు, జ్వరము, మూత్రమున మంట కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఒకవైపు నొప్పితో సొమ్మసిల్లుట గర్భాశయము వెలుపల పిండము నిలిచినదనుటకు గుర్తు కావచ్చును, అది ప్రాణాంతకము. 108 వాహనమును పిలువవలెను.

తొలినెలల గర్భస్రావములలో ఇంచుమించు సగము పిండమునందలి క్రోమోజోముల లోపమువలన కలుగునవి. అందులకు స్త్రీని నిందించుట అజ్ఞానము. ఉద్వేగము కలిగించు మాటలు గర్భిణి చెవిని పడరాదని సుశ్రుతుడు చెప్పెను. గర్భము పోయిన స్త్రీకిని ఆ దయ చెందవలెను. తైలపాత్రను మోయు చేతులు ఎన్నో కలవు; అది తొణకినపుడు పాత్రను తప్పుపట్టుట న్యాయము కాదు.