మీకు తెలుసా? వంగిన వెన్నును కన్ను ఎంతవరకు పట్టగలదు!

ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు కాస్త పక్కకు లాగినా నేతగాడి కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పిల్లల వెన్ను అంత సులువుగా బయటపడదు. పార్శ్వగూని, అంటే స్కోలియోసిస్, ఎక్కువగా 10 ఏళ్లు దాటి ఒక్కసారిగా పొడవు సాగే వయసులో కనబడుతుంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. చాలామందికి నొప్పి ఉండదు. జడ వేస్తున్న తల్లికి ఒకవైపు రెక్క ఎముక పైకి లేచినట్టు కనబడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫిజియోథెరపిస్టు భుజాల ఎత్తు, నడుము వంపు, తుంటి చూస్తారు. ఒకే మనిషి మళ్లీ చూస్తే అంచనాలు చాలావరకు కలుస్తాయి; ఇద్దరు వేర్వేరుగా చూస్తే తేడాలు పెరుగుతాయి. బిడ్డ ఒక కాలి మీద బరువు మోపినా చాలు, భుజాల వరస మారిపోతుంది!

అందుకే పాదాలు, అరచేతులు కలిపి ముందుకు వంగమంటారు. లండన్ సర్జన్ విలియం ఆడమ్స్ 1865లో వివరించిన పరీక్ష ఇది. వంగిన వీపు మీద స్కోలియోమీటర్ అడ్డంగా పెడితే లోపలి గోలీ ఒరిగిన డిగ్రీలు చెబుతుంది. 5 నుంచి 7 దాటితే ఎక్స్‌రే అవసరమవుతుంది. అందులో వంపు 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్. ఆ కొలతలోనూ ఇద్దరు డాక్టర్ల మధ్య 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు.

ఆదోనిలో తీయించిన ఎక్స్‌రే ఫిల్మును కర్నూలు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు తప్పక వెంట తీసుకెళ్లండి. వంపు పెరిగిందో లేదో పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.